పెద్దల సభలో పట్టభద్రుడి కుర్చీ

హైటెక్ సిటీలో పనిచేసే డిగ్రీవాళ్లకు రెండో ఓటు ఒకటి ఉంది. శాసన మండలికి వేసే ఓటు అది. ఆ సభ ఎందుకు ఉంది, ఎవరికి ఉపయోగపడుతోంది, అందులో మన ఒక్క స్థానం ఏం చేయగలదు?

2021 మార్చి 14, ఆదివారం. పోలింగ్ కేంద్రంలో నా చేతికి ఇచ్చిన బ్యాలెట్ పత్రం దినపత్రిక మడత విప్పినంత ఉంది. దాని మీద 93 మంది పేర్లు. ఓటింగ్ మిషన్ లేదు, నొక్కడానికి మీట లేదు. బల్ల మీద ఊదారంగు స్కెచ్ పెన్ను ఒకటి పెట్టారు. నచ్చినవారి పేరు పక్కన 1 అని, ఆ తర్వాత ఇష్టమైనవారికి 2, 3 అని అంకెలు వేసుకుంటూ పోవాలి.

నా ముందున్న కుర్రాడి మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతోంది. "సార్, టిక్కు పెడితే సరిపోతుందా?" అని అడిగాడు. "టిక్కు పెడితే మీ ఓటు పోయినట్టే. అంకె వెయ్యండి. ఆ పెన్నుతోనే వెయ్యండి" అన్నారు అధికారి. ఆ మాట అడగడానికి మొహమాటపడినవాళ్లు ఎంతమందో సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో జరిగిన లెక్కింపులో తేలింది. మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల స్థానంలో పోలైన మూడున్నర లక్షల పైచిలుకు ఓట్లలో 20 వేలకు పైగా చెల్లలేదు. అన్నీ డిగ్రీ చదివినవాళ్ల ఓట్లే. లెక్కింపుకే నాలుగు రోజులు పట్టింది.

ఆ ఎన్నికలో మాజీ ప్రధాని పీవీ నరసింహారావు కుమార్తె సురభి వాణీదేవి గెలిచారు. ఎమ్మెల్సీ పదవీకాలం ఆరేళ్లు. అంటే 2027 మార్చితో ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. కొత్త ఓటర్ల జాబితా తయారయ్యే రోజులు దగ్గరపడుతున్నాయి. సైబర్ టవర్స్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఆఫీసుల్లో "ఎమ్మెల్సీ ఓటు నమోదు చేయించుకున్నావా?" అని అడిగితే, చాలామంది "అదేంటి?" అనే అంటున్నారు. ఈ కథనం వాళ్ల కోసం.

రాసినవాడే సరిచూసుకుంటే

రెండో సభ ఎందుకో ఈ ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. కోడ్ రాసినవాడే పరీక్షించుకుని నేరుగా లైవ్‌లోకి పంపితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. అందుకే ఇంకొకరు చూస్తారు. టెస్టింగ్ టీమ్ విడిగా ఉంటుంది. శాసనసభ చేసిన బిల్లును మండలి మరోసారి చూడడం కూడా అలాంటి ఏర్పాటే. అయితే టెస్టర్ జీతం, ప్రమోషన్, సెలవు అన్నీ కోడ్ రాసినవాడి చేతిలోనే ఉంటే ఆ పరీక్షకు విలువ ఉండదు. రెండో సభను తూచాల్సింది ఇక్కడే. రెండోసారి చూసేవాడు మొదటివాడి మనిషేనా, కాదా?

మన రాజ్యాంగం మండలికి ఇచ్చిన అధికారం చిన్నది. సాధారణ బిల్లును మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ పంపితే ఇంకో నెల ఆపగలదు. ఆపైన మండలి ఒప్పుకోకపోయినా బిల్లు గట్టెక్కుతుంది. డబ్బు బిల్లయితే పద్నాలుగు రోజులే. పైగా మండలి ఉనికే శాసనసభ దయ మీద ఆధారపడి ఉంది. శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానించి పంపితే, పార్లమెంటు మామూలు చట్టంతో మండలిని రద్దు చేయవచ్చు, పెట్టనూవచ్చు. 169వ అధికరణం చెప్పేది ఇదే.

ఆపే అధికారం ఇంత చిన్నదైనప్పుడు, ఆపేవాడి స్వతంత్రతే దానికి బలం. దీన్ని మనకంటే ముందే లెక్కవేసుకున్న దేశాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చిన్న చిన్న ద్వీప దేశాలూ ఉన్నాయి.

రెండు దీవుల లెక్క

కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ అండ్ టొబాగో జనాభా సుమారు పద్నాలుగు లక్షలు. మన శేరిలింగంపల్లి నియోజకవర్గంలో ఓటర్లే ఏడు లక్షల పైచిలుకు. అంటే అలాంటి నియోజకవర్గాలు రెండు కలిస్తే ఎంతో, ఆ దేశం దాదాపు అంత. అయినా దానికి సెనేట్ ఉంది. 31 మంది సభ్యులు, అందరూ నియమితులే. 16 మందిని ప్రధానమంత్రి సలహాపైన, ఆరుగురిని ప్రతిపక్ష నేత సలహాపైన నియమిస్తారు. మిగిలిన తొమ్మిది మందిని దేశాధ్యక్షుడు తన విచక్షణతో ఎంపిక చేస్తారు. వీళ్లే స్వతంత్ర సెనేటర్లు.

ఆ తొమ్మిది మంది విలువ ఒక కూడికలో తేలుతుంది. పౌరుల ప్రాథమిక హక్కులకు కోతపెట్టే చట్టానికి అక్కడ ప్రతి సభలోనూ అయిదింట మూడొంతుల మద్దతు కావాలి. సెనేట్‌లో అది 19. ప్రభుత్వానికి ఉన్నవి 16. మిగతా మూడు ఓట్ల కోసం ప్రతిపక్షం దగ్గరికో, ఏ పార్టీకీ చెందని డాక్టరు, న్యాయవాది, అధ్యాపకుడి దగ్గరికో వెళ్లి మంత్రి వాదించి ఒప్పించుకోవాలి. దిగువ సభలో ఎంత మెజారిటీ ఉన్నా ఇది తప్పదు. ఓట్లతో రాని మనుషులకు ఇంత అధికారమా అని అడగవచ్చు, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ పాలకుల మనిషి కాని చూపు ఒకటి సభలో ఉండి తీరాలని అక్కడ రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

ఫిజీ కథ మనకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే అందులో మనవాళ్లున్నారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి, చెరకు తోటల్లో అయిదేళ్ల ఒప్పంద (గిర్మిట్) చాకిరీకి వెళ్లిన వేలమందిలో తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. గిర్మిట్ ముగిశాక అక్కడే కౌలు రైతులయ్యారు. 1926లో దక్షిణాది వాళ్లంతా కలిసి సంగం పెట్టుకుని బడులు కట్టించుకున్నారు. 1941లో ఆంధ్ర సంగం విడిగా ఏర్పడింది.

1970లో ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు 22 మందితో సెనేట్ ఏర్పాటైంది. అందులో ఎనిమిది మంది స్థానిక తెగల పెద్దల మహాసభ ప్రతినిధులు. స్థానికుల భూమి చట్టాలను మార్చాలంటే ఆ ఎనిమిది మందిలో కనీసం ఆరుగురు ఒప్పుకోవాలి. ఫిజీ భూమిలో 80 శాతానికి పైగా స్థానిక తెగల ఉమ్మడి ఆస్తి. దాన్ని కాపాడుకోవాలన్న వాళ్ల భయంలో న్యాయం ఉంది. తెల్లవాళ్ల రాజ్యంలో ఎన్ని దీవుల మూలవాసులు భూమిని పోగొట్టుకున్నారో వాళ్లు చూశారు. కానీ అదే భూమిని కౌలుకు తీసుకుని మూడు తరాలుగా చెరకు పండించిన తెలుగు, తమిళ, హిందీ కుటుంబాలకు ఆ సభలో అలాంటి తాళంచెవి లేదు. 1976 చట్టం కింద ఉన్న కౌళ్ల గడువు 1997 నుంచి తీరుతూ వచ్చింది. ఎన్నో కుటుంబాలు పొలాలు వదిలి పట్నాలకు, ఆస్ట్రేలియాకు, న్యూజీలాండ్‌కు తరలిపోయాయి.

2006 డిసెంబరు సైనిక తిరుగుబాటుతో ఫిజీ సెనేట్ మూతపడింది. 2013 రాజ్యాంగం ఒకే సభను మిగిల్చింది. ఉగాదికి సెలవిచ్చే మారిషస్‌కైతే మొదటి నుంచీ రెండో సభే లేదు. మైనారిటీ వర్గాల గొంతు తగ్గకుండా ఓడినవారిలో ఎనిమిది మందికి చట్టసభలో చోటిచ్చే పద్ధతిని అది ఎంచుకుంది.

ఈ దీవులను చూశాక నాకు అర్థమైంది ఇంతే. రెండో సభ అందరినీ కాపాడదు, అందులో కుర్చీ ఉన్నవాళ్లనే కాపాడుతుంది. ఇక మన సభలో కుర్చీలు ఎవరివో చూద్దాం.

పెట్టడం, తీసేయడం

ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1958 జులై 1న 90 మంది సభ్యులతో మొదలైంది. తొలి అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. నిజాం పాలనలో తెలుగు చదువు కోసం, ఆడపిల్లల బడి కోసం జీవితం ధారపోసిన మనిషి. కాళోజీ తొలి మండలిలో సభ్యుడు. 1964లో జాషువా నామినేట్ అయ్యారు. ఎన్నికల్లో డబ్బు పెట్టి గెలవలేని కవి, పండితుడు, సంఘసేవకుడు కూర్చుని మాట్లాడడానికి ఆ సభ చోటిచ్చిందనే మాట అప్పటికి నిజం.

1983లో తెలుగుదేశం శాసనసభలో తిరుగులేని బలంతో వచ్చింది. మండలిలో మాత్రం దానికి బలం లేదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ ఏడాదే రద్దు తీర్మానం చేసినా ఢిల్లీలో కదలలేదు. 1985లో మళ్లీ తీర్మానించారు. ఆ ఏడాది జూన్ 1 నుంచి మండలి లేదు. 1990లో చెన్నారెడ్డి హయాంలో పునరుద్ధరణకు జరిగిన ప్రయత్నం లోక్‌సభ రద్దుతో మధ్యలో ఆగింది. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తీర్మానించాక, 2007 మార్చిలో మండలి తిరిగి కొలువుదీరింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబ్లీహాల్‌లో సమావేశమైంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. మూడు రాజధానుల బిల్లులు శాసనసభ దాటి మండలికి వచ్చాయి. అక్కడ ప్రతిపక్షానిది పైచేయి. 22న చైర్మన్ షరీఫ్ ఆ బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. 27న శాసనసభ మండలి రద్దు తీర్మానం ఆమోదించింది. తండ్రి తిరిగి పెట్టిన సభను కొడుకు ప్రభుత్వం తీసేయమంది. జూన్‌లో బిల్లులు మళ్లీ సభలకు వచ్చాయి, జులై 31న గవర్నరు సంతకమైంది. అంటే మండలి వల్ల జరిగిన ఆలస్యం ఆరు నెలలు. 2021 నవంబరు 22న ప్రభుత్వం తానే ఆ చట్టాలను వెనక్కు తీసుకుంది. మర్నాడే మండలి రద్దు తీర్మానాన్నీ ఉపసంహరించుకుంది. అప్పటికి మండలిలోనూ బలం పాలకపక్షం వైపు మళ్లుతోంది.

ఆ ఆరు నెలల ఆలస్యాన్ని కొందరు అడ్డంకి అన్నారు, కొందరు రక్షణ అన్నారు. నా మటుకు, అంత పెద్ద నిర్ణయానికి ఆరు నెలలు ఎక్కువ కాదు. కానీ రెండు పక్షాలనూ ఒక మాట అనక తప్పదు. అడ్డుపడితే సభ వద్దు, మనవాళ్లు నిండితే సభ కావాలి అనే తీరు 1983 నుంచీ మారలేదు.

112 మందికి ఒకటి, అయిదు లక్షల మందికి ఒకటి

2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ మండలికి 40 స్థానాలు వచ్చాయి. రాజ్యాంగం అనుమతించే కనీస సంఖ్య అదే. పద్నాలుగింటిని ఎమ్మెల్యేలు, మరో పద్నాలుగింటిని స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు. ఆరింటిని గవర్నరు నామినేట్ చేస్తారు, అదీ మంత్రివర్గం సలహాతోనే. మిగిలినవి ఉపాధ్యాయులకు మూడు, పట్టభద్రులకు మూడు.

40లో 34 కుర్చీలు పార్టీల చేతుల మీదుగా నిండేవే. పార్టీ పెద్దల చీటీ లేకుండా నేరుగా జనం ఓటుతో రాగలిగినవి ఆరు. అందులో మన వంతు ఒకటి. హైదరాబాద్ స్థానిక సంస్థల స్థానానికి 2025 ఏప్రిల్‌లో ఎన్నిక జరిగింది. మొత్తం ఓటర్లు 112 మంది. 63 ఓట్లతో మజ్లిస్ అభ్యర్థి గెలిచారు. ఇదే నగరం ఉన్న పట్టభద్రుల స్థానంలో 2021లో ఓటర్లు 5 లక్షల 30 వేలకు పైమాటే. రెండు కుర్చీలకూ సభలో విలువ సమానం. ఇది సరైన పద్ధతి కాదు, మార్చాలి. మార్చేదాకా మాత్రం ఆ అయిదు లక్షల మంది కుర్చీని మనం వదులుకోకూడదు.

వదులుకోకపోతే ఏమవుతుందో ఈ నియోజకవర్గమే చూపించింది. ఉస్మానియాలో జర్నలిజం ఆచార్యుడు కె. నాగేశ్వర్ 2007లో, మళ్లీ 2009లో ఇక్కడి నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. ట్రినిడాడ్‌లో అధ్యక్షుడు ఏరి కూర్చోబెట్టే స్వతంత్రుణ్ని ఇక్కడ ఓటర్లే పంపారు. 2015లో అధికార పార్టీని కాదని బీజేపీ అభ్యర్థి రామచందర్‌రావును గెలిపించారు. 2021లో అధికార పార్టీనే ఎంచుకున్నారు. అంటే ఈ ఓటరు ఎవరి జేబులోనూ లేడు. ప్రాధాన్య ఓటు ఉండటం ఇక్కడ మేలు. ఓడిపోతాడని తెలిసిన మంచి మనిషికి 1 వేసి, ఆ తర్వాతివాడికి 2 వేసినా ఓటు వృథా కాదు.

మరి ఆ ఒక్కరు కారిడార్‌కు ఏం చేయగలరు? ఉన్నదున్నట్టు చెప్పాలి. మన రోజువారీ బతుకును తాకే నిర్ణయాలు చాలావరకు బిల్లులుగా రావు, జీవోలుగా వస్తాయి. వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని 2025 జులైలో ఉత్తర్వు వచ్చింది, వారానికి 48 గంటల పరిమితితో. దాని మీద ఏ సభలోనూ ఓటింగ్ అక్కర్లేదు. అదే ఏడాది కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు దిగితే విద్యార్థులు రోడ్డెక్కారు, సుప్రీంకోర్టు ఆపమంది. జీవోను మండలి సభ్యుడు ఆపలేడు. కానీ మంత్రిని నిలబెట్టి ప్రశ్న అడగగలడు. రాతపూర్వకంగా జవాబు రాబట్టగలడు, అది రికార్డులో ఉంటుంది. రాత్రికి రాత్రి ఉద్యోగం పోయినవాడి గురించి, ట్రైనింగ్ పేరుతో లక్షలు వసూలు చేసి బోర్డు తిప్పేసే కన్సల్టెన్సీల గురించి, రాత్రి షిఫ్టు ముగిశాక మెట్రో స్టేషన్ నుంచి హాస్టల్ దాకా ఆడపిల్ల నడవాల్సిన చీకటి గురించి అడగగలడు. డెలివరీ బాయ్‌ల కోసం రాష్ట్రం 2025లో బిల్లు ముసాయిదా పెట్టింది. అలాంటి బిల్లును రెండోసారి చదివేటప్పుడు, అది ఎవరి కోసమో వాళ్ల మాట విన్నవాడు సభలో ఉండాలి.

టవరు కట్టినవాళ్లకు ఓటు లేదు

ఈ నియోజకవర్గం పటం ఒకసారి చూడండి. ఒక కొసన రాయదుర్గం, మరో కొసన గద్వాల, ఇంకో పక్క నల్లమలలో చెంచు పెంటలు. మధ్యలో పాలమూరు. కరువు తరిమితే మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు, అపార్ట్‌మెంట్లు కట్టిన పాలమూరు లేబర్ ఊళ్లన్నీ ఈ నియోజకవర్గంలోనివే. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచి ఈ రాళ్లగుట్టల మీద లేచిన అద్దాల మేడలకు పునాది తవ్వినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఒడిశా, బిహార్, జార్ఖండ్ కూలీలు వాళ్ల పక్కన చేరారు.

మేడ కట్టినవాడికి ఈ ఎన్నికలో ఓటు లేదు, మేడలో కూర్చున్నవాడికి ఉంది. తేడా ఒక పట్టా. అక్షరాస్యత అరుదైన రోజుల్లో, చదువుకున్నవాడు ఊరి తరఫున ఆలోచిస్తాడన్న నమ్మకంతో పెట్టిన నియమం అది. ఈ రోజుకు దాన్ని సమర్థించడం నాకు కష్టంగానే ఉంది. పాలమూరు మట్టిలోంచి వచ్చిన కవి గోరటి వెంకన్న 2020లో గవర్నరు కోటాలో మండలికి వెళ్లారు. మంచిదే. కానీ ఒక కవికి దక్కిన గౌరవం ఒక కూలీ కుర్చీతో సమానం కాదు.

అందుకే పట్టభద్రుడి ఓటు సొంత ఆస్తి కాదని నా నమ్మకం. మన ఆఫీసు అంతస్తు ఊడ్చే మనిషి, క్యాబ్ నడిపే మనిషి, గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే మనిషి, వీళ్ల తరఫున కూడా మన దగ్గర ఉంచిన ఓటు అది. నమోదు చేయించుకోకపోతే వాళ్ల వంతూ మనం పారేసినట్టే.

ఫారం 18

పని చిన్నదే. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత ఉండాలి. అది పూర్తయి, అర్హత తేదీ నాటికి మూడేళ్లు నిండాలి. అర్హత తేదీగా నవంబరు 1ని లెక్కిస్తారు. నింపాల్సింది ఫారం 18. డిగ్రీ కాకినాడలో చదివారా, భువనేశ్వర్‌లో చదివారా అన్నది ముఖ్యం కాదు, మీరు మామూలుగా నివసించేది ఈ నియోజకవర్గంలో అయితే చాలు. గుంటూరు నుంచో విశాఖ నుంచో వచ్చి కొండాపూర్‌లో అద్దెకుంటున్నవాళ్లు తమకు ఇక్కడ ఈ ఓటు రాదనుకుంటారు. అది పొరపాటు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి తయారుచేస్తారు. 2021లో ఓటు వేసినవాళ్లయినా మళ్లీ దరఖాస్తు పెట్టాల్సిందే. పాత పేరు దానంతట అది రాదు. మామూలు ఓటరు కార్డు ఉన్నా ఈ జాబితాలో పేరు ఉన్నట్టు కాదు.

మార్క్స్ మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇంటి దగ్గర అమ్మ బీరువాలో ఉంటే, ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు తెచ్చుకోండి. మీ టీమ్‌లో పదిమంది ఉంటే పదిమందికీ చెప్పండి. పోలింగ్ రోజు బల్ల మీద ఉన్న పెన్నుతోనే, టిక్కు కాకుండా, అంకె వెయ్యండి.